తొక్కతోనా, తొక్క లేకనా

మగ్గిన అరటిపండ్ల వాసన పొద్దుటి నుంచి మా ఇంటిని వదలడం లేదు. పులివెందుల చుట్టమొకాయన గెల తెచ్చి పడేసి పోయాడు, అన్నీ ఒక్కసారే పండాయి. హల్వా చేద్దామని ఒలిచి, మెదిపి, గుజ్జును కప్పులతో కొలుస్తున్నాను. ఈ అలవాటు నాకు జమ్మలమడుగులో హుసేన్‌బీ ఆపా చేసింది. కువైట్ ఇళ్లల్లో ఏళ్ల తరబడి వంట చేసి వచ్చిన మనిషి ఆమె. అక్కడికి పోబోయే ఆడవాళ్లకు వంటా, అరబ్బీ మాటలూ నేర్పేది. మనసు వెన్నే గానీ నోరు మాత్రం గుంటూరు కారం.

నేను ఆమె దగ్గరికి పోయేనాటికి మా ఆయన మిద్దె పనిలో కిందపడి మంచాన ఉన్నాడు. కొండాపురం కాలనీలో మాకు మిగిలింది ఇల్లొక్కటే. కువైట్‌లో వంటపని ఖాయమైంది. కానీ నేను నోట్లో నాలుక లేనిదాన్ని. పనికిరానని ఆ ఇంటివాళ్లు వెనక్కి పంపేస్తే ఆయన మందులెట్లా, తిండెట్లా అని బెంగతో కుమిలిపోయేదాన్ని.

మొదటిరోజే ఆపా అరటిపండ్లు నా ముందు పెట్టింది.

"లచ్చిమీ, ఆడ కాటాలుండవు, అన్నీ కప్పులే. కిలో పండ్లు ఎన్ని కప్పులైతాయో చెప్పు."

కిలో తూచి, ఒలిచి, మెదిపి కప్పుల్లో పోశాను. తప్పంది. మళ్లీ చేశాను. మళ్లీ తప్పే. నాకు ఏడుపొచ్చింది.

"కిలో అంటే తొక్కతోనా, తొక్క లేకనా? నేను చెప్పినానా? నువ్వు అడిగినావా?"

"పెద్దదానివి, నిన్నేం అడిగేది ఆపా?"

"అడగందే అమ్మైనా పెట్టదు. ఆడుండేది నీ అమ్మ గూడా గాదు!" అని పకపకా నవ్వింది.

ఆ తర్వాత ద్రాక్ష, దానిమ్మ, ఖర్జూరం. ఖర్జూరం ముక్కలు కప్పులో వదులుగా వేస్తే ఒక బరువు, అదిమి నింపితే ఇంకో బరువు. కొలతలన్నీ నోటికొచ్చాయి. అయినా ప్రతిసారీ అడిగితే తప్ప కప్పు ముట్టనిచ్చేది కాదు. ఒకరోజు విసుగొచ్చి, "అన్నీ తెలిసినాక కూడా ఎందుకు అడగాల?" అన్నాను.

ఆపా చేతిలోని కప్పు కింద పెట్టింది. "మొదటిసారి పోయినప్పుడు నేనూ నీ మాదిరే. మేడం రెండు కప్పుల ఖర్జూరం అనింది. గింజలు తీయాల్నా అని అడిగేకి భయపడితి. అట్లే తీపిలో ఏస్తి. ఇంట్లో ముసలామె పన్ను విరిగిపాయ. నన్ను విమానమెక్కిచ్చిరి. నోరు మూసుకుంటే మంచిదంటారనుకుంటి, పాపా."

కువైట్‌లో మా మేడం మొదట చేయమన్నదీ ఖర్జూరం వంటకమే. గింజలు తీయాలా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె ఒక పండు విప్పి, గింజ తీసేసి నా అరచేతిలో పెట్టింది. ఆ పూట ఇద్దరం కలిసే వండాం. ఆపా ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అనేది కాదు, "ఈ వారం ఏమడిగినావు?" అనేది. చిన్నవో పెద్దవో చెప్పేదాన్ని. నా నోరు అట్లా మెల్లగా పెగిలింది.

రెండో ఏడు ఆపా గొంతు మారింది. "మీ ఆయనకు శానా బాగలేదు. రాగలిగితే రా."

నా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. సెలవుకు ఇంకా గడువుంది. ఆ ఇంట్లో పనిచేసిన వాళ్లెవరూ గడువుకు ముందు ఇంటికి పోలేదట. మేడం గది ముందు చాలాసేపు నిలబడి, తలుపు తట్టాను. మా ఆయన సంగతి చెప్పి, నన్ను పంపండి అన్నాను. మొదట కుదరదంది. ఎందుకు కుదరదని అడిగాను. ఆమె లేచి తన భర్త గదిలోకి పోయి, నా పాస్‌పోర్టుతో వచ్చింది.

మా ఆయనకు తెలివి ఉండగానే ఇల్లు చేరాను. మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి తడుముకుంటూ, "ఎట్ల పంపిచ్చిరే నిన్ను?" అన్నాడు.

"అడిగినా" అన్నాను.

నన్నెన్నడూ చూడనట్టు చూశాడు. నవ్వాడు కూడా. ఇప్పుడు ఆయనా లేడు, ఆపా లేదు. ఆ నవ్వు నాకు దక్కింది.