అత్తకు నచ్చని డబ్బాలు

పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. ఒళ్ళో చిన్న మ్యూజిక్ ప్లేయర్ డబ్బా, కాళ్ళ దగ్గర స్పీకర్ల సంచి. కిటికీ పక్క సీటు దొరికింది. అది లేకపోతే నేను కూర్చోలేను. కాలు నిలవని మనిషినని ఇంట్లో అంటారు. నిజమే, ఈ ప్రయాణం కూడా అలా వచ్చిందే.

మా తాత నాగస్వరం వాయించేవాడు. మద్రాసులో ఓ చిన్న కంపెనీవాళ్ళు ఆయనది ఒకే ఒక్క గ్రామఫోన్ ప్లేటు వేశారు. అది కుప్పంలో మా మేనత్త దగ్గరుంది. రోజూ స్నానం చేసి, దీపం పెట్టి వింటుంది. ప్లేటు బాగా అరిగిపోయింది. ఇలాగే మోగిస్తే కొన్నాళ్ళకు తాత పోయి గరగర మిగులుతుంది. అందుకే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరంతా తీసేసి వినిపించి, ఇక ప్లేటు నాకిస్తే భద్రంగా దాస్తానన్నాను. అత్త పెదవి విరిచింది. "ప్లేటులో ఉన్నట్టు నీ డబ్బాలో రానీ. ఆ పొద్దు ప్లేటు తీసకపోదువులే" అంది.

అప్పట్నుంచి డబ్బాలు మారుస్తూనే ఉన్నాను. ప్లేయర్లు మార్చాను, స్పీకర్లు మార్చాను, చివరికి తీగలు కూడా మార్చాను. అత్త పెదవి మాత్రం మారలేదు.

పుంగనూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీలు నిలబడే తినేసి నాగరాజప్ప ఇంటికి నడిచాను. బట్టల వ్యాపారి, నాలాగే ఈ పిచ్చి ఉన్నవాడు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే వాల్వులతో సొంతంగా ఆంప్లిఫయర్ చేసుకున్నాడు. దాన్ని అరువడిగితే దుప్పట్లో చుట్టి ఇచ్చాడు.

"ప్లేటు మాదిరే పలుకుతాది సూడు. ఇదీ కాదంటే పెట్టెను కాదప్పా, మీ అత్తను మార్చు" అన్నాడు.

తొమ్మిదింటికి కుప్పం బస్సు. పలమనేరు దాటేదాకా గడియారం చూస్తూనే ఉన్నాను. వి.కోటలో కూరగాయల గంపతో ఒకామె ఎక్కి, పక్క సీట్లో ఉన్న ఆంప్లిఫయర్‌ను చూసింది.

"పెట్టెకు టికెట్టు తీసినావా అప్పా?"

గబగబా ఒళ్ళోకి తీసుకున్నాను. పాటల పెట్టె అని చెప్పాను.

"ఫోన్లో రావా పాటలు?"

"వస్తాయి. మా అత్తకు నచ్చవు."

"యాల?"

కిటికీ వైపు తిరిగాను. ఆ ప్రశ్న కుప్పం దాకా నాతోనే వచ్చింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. "ముందు సంగటి తిను" అంది అత్త. సగం తిని లేచి తీగలు తగిలించాను. వాల్వులు వెలిగాయి. తాత నాగస్వరం గదంతా నిండింది. గెలిచానని అనిపించింది.

అత్త కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. "నాయన బాగనే వాయిస్తాండాడు. ఆయన యాడ?"

"ఎవరత్తా?"

"మీ మామ."

మామ తాత మేళంలో ఒత్తు పట్టేవాడు. నాగస్వరం వెనక ఒకే స్వరాన్ని ఆపకుండా ఊదడమే ఒత్తు. ముందు అదే మొదలవుతుంది, శ్రుతి నిలిచాకే నాగస్వరం అందుకుంటుంది. ప్లేటు అట్ట మీద తాత పేరొక్కటే ఉంది. మామను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు.

గరగర తీసే సాఫ్ట్‌వేర్ ముందు రొద నమూనా చూపించమని అడుగుతుంది. పాటకు ముందు వినిపించే సన్నని హోరును చూపించాను. ప్లేటు తిప్పే మోటారు రొద అనుకున్నాను. అది ఆ హోరును వెతికి వెతికి ప్లేటంతా తుడిచేసింది. మేళగాడి మనవణ్ణి, ఒత్తు ముందొస్తుందని తెలియనివాణ్ణి కాదు. నా చెవి డబ్బాల మీద ఉంది, అంతే.

శుభ్రం చేయని మొదటి ఫైలు ఫోన్లో ఉంది. తీగలు మార్చే ఓపిక లేక ఫోన్లోనే పెట్టాను. గరగర, చిటపట, వాటి నడుమ తెగని ఒక సన్నని స్వరం. తాత ఇంకా అందుకోలేదు.

"ఉండాడు" అంది అత్త.

కొంగు కళ్ళకు అద్దుకుంది. నాకూ ఏడుపొచ్చింది. "ఇన్నేళ్ళూ తాత కోసం వింటున్నావనుకున్నాం" అన్నాను.

"నాయనను ఊరంతా ఇనె. ఈయన్ని నేను గాక ఎవరింటారప్పా?"

ఆ ఫైలునే చిన్న ప్లేయర్లోకి ఎక్కించి, అత్త ఎప్పుడో కాదన్న స్పీకర్లు తగిలించి, దీపం గూడు పక్కన పెట్టాను. ప్లేటులాంటి డబ్బా కోసం నాలా మీరూ బయల్దేరితే, ఇంట్లోవాళ్ళు ఆ ప్లేటులో ఎవరిని వింటున్నారో ముందు అడిగి కదలండి.

మూడింటి బస్సుకు బయల్దేరుతుంటే అత్త ప్లేటును పాత నూలు చీరలో చుట్టి నా చేతుల్లో పెట్టింది.

"కిటికీ పక్క కూసోబాక నాయనా. ఎండ తగిల్తే వాళ్ళిద్దరికీ ఆగదు."

బస్సులో కిటికీ సీటు ఖాళీగానే ఉంది. ఆంప్లిఫయర్‌ను అందులో పెట్టి, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, ఇవతల పక్క కూర్చున్నాను. పుంగనూరు దాకా కదల్లేదు.