బెరిల్ ట్రస్కాట్ మడమలు

ఇంగ్లీషువాళ్ళ నుడికారంలో మొండితనమంతా నేలమీదే ఉంటుంది. ఎంతకీ లొంగనివాడు మడమలు నేలలో దిగ్గొట్టాడంటారు. ఇంతకు మించి ఒప్పుకోనన్నవాడు గీత గీశాడంటారు. ఓపిక నశించినవాడు తాడు చివరికి వచ్చేశాడట. వాళ్ళు మాటవరసకు అంటారంతే. మా హాథర్‌కూంబ్‌లో బెరిల్ ట్రస్కాట్ మాత్రం ఏటా ఆగస్టులో ఇనపమడమల బూట్లు తొడుక్కుని, గీతకు ఇవతల, తాడు చివర నిలబడి ఇవన్నీ నిజంగానే చేసేది.

నేను ఇంగ్లండులోని ఈ డెవన్ పల్లెకు నర్సుగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆడవాళ్ళ తాడులాగుడు జట్టులో నాది మధ్య చోటు. బెరిల్‌ది చివరి చోటు. చివరి మనిషి తాడును చంక కిందుగా వీపుమీదికి తిప్పుకుని, జట్టు బరువంతా ఒంటిమీద మోస్తుంది. ఆవిడ జారితే అందరం జారినట్టే.

బెరిల్‌కు పాడి ఉంది. తన పెళ్ళిరోజు సాయంత్రం కూడా అతిథులను సైడర్ అనే ఆపిల్ కల్లు పీపాకు అప్పగించి, తెల్లగౌను నడుముకు దోపుకుని పాలు పితికి వచ్చిందట. అదేంటని అడిగితే, "నాకు పెళ్ళయితే ఆవులకేంటి?" అందట. భర్త పోయాక కూడా మంద అమ్మమంటే ససేమిరా అంది. అలాంటి మనిషికి తీరని కోరిక ఒక్కటే. తాను చివర నిలబడ్డ ఇన్నేళ్ళలో పక్కూరు బ్రాక్లీని మేము ఒక్కసారీ ఓడించలేదు. నేను చెప్పే ఏడాది, రాబోయే శీతాకాలంలో ఆవిడకు మోకాలి ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత తాడు ముట్టుకోవడానికి వీల్లేదని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. గెలిస్తే ఇప్పుడే గెలవాలి.

పోటీ రోజున బెరిల్ మేనకోడలు టామ్‌సిన్ అడ్డుపడింది. మా జట్టు నాయకురాలు తనే.

"అత్తా, చివర నేను నిలబడతా. నువ్వు గట్టున కూర్చుని కేకలెయ్యి."

"కేకలెయ్యడానికి మీ ఆయనున్నాడుగా. జరుగు."

మొదటిసారి బ్రాక్లీవాళ్ళు మమ్మల్ని గీత దాటించి లాగేశారు. రెండోసారి మేము లాగాం. మూడోదే తేల్చాలి. అటూ ఇటూ కాకుండా తాడు బిగుసుకుపోయింది. నా అరచేతులు భగ్గుమన్నాయి. ఉన్నట్టుండి మేమంతా ముందుకు జారడం మొదలైంది. ఇక అయిపోయిందనుకుంటుండగా తాడు టక్కున ఆగింది. ఆ కుదుపుకు బ్రాక్లీవాళ్ళ కాళ్ళు తప్పాయి. ఒక్క ఊపులో లాగేశాం.

మైదానం హోరెత్తిపోయింది. నేను ఎవరిని వాటేసుకున్నానో నాకే తెలియదు. రిఫరీ హెడ్లీ, రిటైరైన పోలీసాయన, కప్పు పట్టుకుని వచ్చాడు. బెరిల్ చెయ్యి చాపలేదు.

"నేను కూర్చున్నాను హెడ్లీ."

మా సంబరం అక్కడే ఆగిపోయింది. జారి పడితే వెంటనే లేవాలి. నేలమీద కూర్చుని తాడు ఆపడం తప్పు. ఆ లాగుడు ఓడినట్టే లెక్క.

"నేను చూళ్ళేదే," అన్నాడు హెడ్లీ.

"నువ్వు ముందున్నావు, నేను వెనకున్నాను. నిక్కరుకు మట్టి చూడు. పడ్డాను, వెంటనే లేవలేదు. లేవగలిగి కూడా లేవలేదు."

"చూడనిదానికి నేను ఈల ఊదను. ఇది నా తీర్పు."

"అయితే కప్పు నీ దగ్గరే పెట్టుకో."

టామ్‌సిన్ మొహం కందగడ్డయింది. "అత్తా! నోర్మూసుకుని ఫొటోకి నిలబడు. ఎవరడిగారు నిన్ను?"

నాకూ ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన ముద్దను కాలదన్నుకునే ఈ నిజాయితీ ఎవడిక్కావాలని తెలుగులోనే తిట్టుకున్నాను. బెరిల్ కదలలేదు. "గెలవాలని నాకంటే ఎక్కువ ఎవరికుందే ఇక్కడ?" అంది. గొంతు వణికింది. ఆవిడ గొంతు వణకడం నేనెన్నడూ వినలేదు.

బ్రాక్లీ జట్టు నాయకురాలు డయాన్ గీత దాకా వచ్చింది. హెడ్లీ తప్పు పట్టని లాగుడును తమ గెలుపుగా ఆమె కూడా ఒప్పుకోదట. "మాటల్తో వచ్చే కప్పు మాకొద్దు తల్లీ. పట్టండి తాడు, మళ్ళీ లాగుదాం," అంది.

మళ్ళీ లాగాం. అప్పటికే ఒంట్లో జీవం లేదు. తాడు అంగుళం పోతే అంగుళం వచ్చింది. టీలు పోసే ఆడవాళ్ళు కెటిళ్ళు వదిలేసి వచ్చి నిలబడ్డారు. వెనకనుంచి బెరిల్ ఊపిరి కొలిమితిత్తిలా వినిపిస్తోంది. ఆ చెడిపోయిన మోకాలు ఎంత నొప్పి పెడుతుందో నర్సును, నాకు తెలుసు. ఆవిడ జారింది, లేచింది. మళ్ళీ జారింది, మళ్ళీ లేచింది. ఈసారి నేలమీద కూర్చుండిపోలేదు. చివరికి మేమే పోయాం, గీత అవతలికి.

బ్రాక్లీవాళ్ళు కేకలు వెయ్యలేదు. ఒక్కొక్కరే వచ్చి బెరిల్‌తో చెయ్యి కలిపి వెళ్ళారు. టామ్‌సిన్ మాత్రం అత్తవైపు చూడకుండా తాడు చుట్టసాగింది.

అంతలో సెలవులకొచ్చిన పట్నం మనిషి ఒకాయన, స్కోను రొట్టె మీద మీగడ పులుముకుంటూ అటు వచ్చాడు.

"ఎవరు గెలిచారమ్మా?"

"బ్రాక్లీ," అంది టామ్‌సిన్, తల ఎత్తకుండా.

ఆయన పక్కకు తిరిగాడు. ఆమె తాడు కింద పడేసి ఆయన భుజం పట్టి ఆపింది. గడ్డిలో బూట్లు విప్పుకుంటున్న బెరిల్‌ను చూపించింది.

"అదిగో, ఆవిడ మా అత్త," అంది.