ధనమ్మ దీపం

ఈ బరువు మోయడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కోసారి అది నా ఒంట్లో భాగమే అనుకుంటాను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నగరి బస్టాండు దగ్గర నాకు చిన్న రిపేరు షాపు ఉంది. డ్రిల్లు మిషన్లు, కటింగ్ మిషన్లు బాగుచేస్తాను. మునిరత్నం వడ్రంగి. మగ్గాలకు చెక్కపని, తలుపులు, కిటికీలు చేస్తాడు. అతని దగ్గర బ్యాటరీతో నడిచే పాత డ్రిల్లు ఒకటి ఉండేది. మిషను గట్టిదే, బ్యాటరీయే చచ్చిపోయింది. ఆ రకం ఇప్పుడు ఎక్కడా దొరకదు. పాత డబ్బా ఖాళీ చేసి, అందులో కొత్త రకం లిథియం సెల్స్ కూర్చి ఇస్తానన్నాను. అంతకుముందు కూడా కొందరికి అలా చేసిచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు తలకెక్కింది.

లిథియం సెల్స్‌తో పాటు చిన్న బోర్డు ఒకటి పెట్టాలి. సెల్స్ నిండగానే చార్జింగు ఆపేది అదే. అది లేకపోతే పాత చార్జరు కరెంటు తోస్తూనే ఉంటుంది, సెల్స్ ఉబ్బి మండుతాయి. ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. కానీ బోర్డు పెడితే డబ్బా మూత పడలేదు. లోపల ప్లాస్టిక్కు కొంచెం చెక్కితే సరిపోయేది. మునిరత్నం ఎదురుగా నిలబడి, డ్రిల్లు ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తున్నాడు. బోర్డు తీసి సొరుగులో వేశాను. మూత ఠక్కున పడింది.

“పాత చార్జరే పెట్టుకోప్పా. వేడెక్కితే తీసేయ్,” అన్నాను.

కొన్నాళ్లకు, ఒక శుక్రవారం మధ్యాహ్నం, వాళ్లింటిని ఆనుకుని ఉన్న పని కొట్టం అంటుకుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇంట్లో అన్నం తింటున్నారట. మొగుడి పనిముట్లు కాలిపోతాయని అతని భార్య ధనమ్మ లోపలికి ఉరికింది. పెట్టె బయటికి లాగింది గానీ, చేతులు రెండూ కాలిపోయాయి.

నేను వెళ్లేసరికి మంట ఆర్పేశారు. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. పొద్దున ఆమె కొట్టంలో దేవుడి పటం ముందు దీపం పెట్టిందని, దానివల్లే అంటుకుందని వీధంతా తేల్చేసింది. తర్వాత మునిరత్నం కూడా అదే అన్నాడు. చార్జరు ఉండే మూల నాకు తెలుసు. నేరుగా అక్కడికి పోయాను. సెల్స్ పగిలి, లోపలిదంతా బయటికి కక్కి, బూడిదలో పడి ఉన్నాయి. ఎవరూ చూడకముందే ఏరి జేబులో వేసుకున్నాను. ఇంకా వేడిగా ఉన్నాయి. తొడ చురుక్కుమంది. భయంతో అలా చేశానా? భయమే అయితే, అంత నిదానంగా ఎలా ఏరగలిగాను?

ఆమె ఇంటికొచ్చాక చూడటానికి వెళ్లాను. చేతులకు కట్లు. మునిరత్నం బయటికి వెళ్లినప్పుడు మెల్లగా అడిగింది.

“అన్నా, ఆ పొద్దు దీపం కొండెక్కించినాకే నేను బయటికొచ్చినట్టు గురుతు. ఈయనేమో లేదంటాడు. నువ్వేమంటావు?”

“మరిసిపోయింటావులేమ్మా. యెవురికైనా జరిగేదే.”

“అంతేనేమో అన్నా. నా కర్మ.”

ఆమె జ్ఞాపకం సరైనది. దాన్ని ఆమె దగ్గర్నుంచి నేనే లాక్కున్నాను. కొట్టం కాలడానికి కారణమవడం కన్నా ఇదే పెద్ద తప్పని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు నుంచి ధనమ్మ దీపం ముట్టించలేదు. కార్తీకంలో కూడా మునిరత్నమే పెడతాడు, ఆమె గడప బయట నిలబడి దండం పెట్టుకుంటుంది. వేళ్లు సరిగా ముడుచుకోవు. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని నాకు అందిస్తుంది. నేను తాగుతాను. ఎలా తాగుతున్నాను?

ఆ మంటకు ముందే బోర్డు లేకుండా ఇంకో బ్యాటరీ కూడా చేశాను. అది తీసుకున్నాయన చెన్నై రైలెక్కి వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు. ఏ ఇంట్లో, ఏ మంచం పక్కన అది చార్జింగులో ఉందో తెలియదు. ఎక్కడ పొగ వాసన వచ్చినా ముందు అదే గుర్తొస్తుంది.

చెప్పాలనే మునిరత్నం ఇంటికి బయలుదేరతాను. ప్రతిసారీ కాఫీ తాగి వచ్చేస్తాను. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. దీపం కొండెక్కించాకే ఆమె బయటికొచ్చింది. ఆ మంట నాది. ఈ రెండు మాటలు ఇన్నాళ్లూ కాగితం మీద కూడా పెట్టలేకపోయాను. ఇప్పుడు పెట్టాను. గుండె కాస్త తేలికైంది.

ధనమ్మకు మాత్రం ఏమీ తేలిక కాలేదు.