వల విప్పిన ఎండాకాలం

మా నేతగాళ్ళ కొత్తవాడలో ఇప్పటికీ ఒకటి రెండు ఇళ్ళ పెరళ్ళలో గుండిగల్లో నూలుకు రంగు ఉడుకుతుంది. మొన్న జంపఖానా కొందామని ఆ సందులోకి తిరిగానో లేదో, తడి నూలూ రంగూ కట్టెల పొగా కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి అక్కడే నిలబడిపోయాను. అందరికీ అది మగ్గాల వాసన. నాకు మాత్రం ఫుట్‌బాల్ వాసన. ఎండాకాలం వస్తే చాలు, మా అమ్మాయి ఫోన్‌లో సముద్రాల అవతలి క్లబ్బు ఎవర్ని కొన్నది, యజమానికీ కోచ్‌కీ ఎక్కడ చెడింది అని చూస్తూ, "మనం ఉత్త అభిమానులం, మనమేం చేయగలం" అని నిట్టూరుస్తుంది. నేను మా కొమురమ్మత్తను తలచుకుంటాను.

నా చిన్నప్పుడు మా వాడ ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలు ఆ గుండిగల్లోనే తయారయ్యేవి. తెల్ల బనీన్లను ఎర్ర రంగులో ముంచి దండేల మీద ఆరేసేవాళ్ళు. ఆటలో చెమట పట్టగానే రంగు దిగి, ఏటా ఎండాకాలంలో జరిగే టోర్నమెంటు అయిపోయాక కూడా ఆటగాళ్ళ మెడలు ఎర్రగానే ఉండేవి. పొద్దంతా మగ్గాల చప్పుడు, మధ్యాహ్నం జొన్నగట్కా పచ్చిపులుసూ, ఆ పైన తాటిముంజలు, ఎండ వాలగానే నీళ్ళ బిందెలు మోసుకుంటూ వాడంతా మైదానానికి. మా మేనత్త కొమురమ్మ అందరికంటే ముందే పోయి గోలు వెనక చెద్దరు పరిచేది. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి మా ఇంటికి వచ్చిన మనిషి, షావుకారు రాజలింగం ఇచ్చే నూలును కండెలకు చుట్టి బతికేది, రెఫరీతో ఆఫ్‌సైడ్ గురించి గొంతు పోయేదాకా కొట్లాడేది. జంపఖానాలకు పనికిరాని రంగురంగుల ముక్కల నూలుతో గోలు వలలు అల్లింది కూడా ఆమే, మా అమ్మనూ వాడలోని ఆడవాళ్ళనూ కూర్చోబెట్టుకుని.

ఆ రాజలింగమే క్లబ్బుకు ప్రెసిడెంటు. వాడలో సగం మగ్గాలకు నూలిచ్చేదీ, నేసింది కొనేదీ ఆయనే. ఆట నేర్పేది డేవిడ్ సార్, బడిలో వ్యాయామం మాస్టారు. టోర్నమెంటుకు ముందు కాజీపేట నుంచో హైదరాబాద్ నుంచో ఒకరిద్దరు ఆటగాళ్ళను తెచ్చుకోవడం అన్ని జట్లకూ అలవాటే కనుక, ఈసారి ఎవరొస్తారన్న ముచ్చట మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లోనే మొదలయ్యేది. ఆ ఏడు రాజలింగం హైదరాబాద్ నుంచి ఖాజాను తెచ్చాడు. నుదుటి మీద బంతిని నిలబెట్టుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచే ఖాజాను చూసి నేను ఒక్క సాయంత్రంలో దాసోహమైపోయాను. కానీ అతను ఆడేది సెంటర్ ఫార్వర్డ్. ఆ చోటు ఏళ్ళుగా మా పక్కింటి నేతగాడు సాంబయ్యది.

"సాంబయ్యను కూసోవెట్టు సారూ" అన్నాడు రాజలింగం.

"ఎవలు ఆడాల్నో నేను జెప్త. మీరు క్లబ్బు సూసుకోండ్రి" అన్నాడు డేవిడ్ సార్.

మాటకు మాట పెరిగింది. మర్నాడు రాజలింగం క్లబ్బు గదికి తాళం వేశాడు. డేవిడ్ సార్ సగం మంది ఆటగాళ్ళను వెంటబెట్టుకుని చర్చి ఆవరణలో వేరే సాధన పెట్టాడు. ఒక వాడకు రెండు జట్లు, రెండూ చెప్పుకునేది ఒకటే క్లబ్బు పేరు. రాజలింగం నూలు మీద బతికే ఇళ్ళలో సార్ పేరెత్తడానికి భయం. మా నాన్న కూడా మగ్గం మీంచి తల ఎత్తకుండా ఊరుకున్నాడు.

ఒక ఉదయం అత్త మా అమ్మనూ మరికొందరు ఆడవాళ్ళనూ తీసుకుని మైదానానికి పోయి గోలు స్తంభాలకున్న వలలు ఊడదీసింది. కబురు అందగానే రాజలింగం వచ్చాడు.

"ఏందే కొమురమ్మా, వల ఎందుకు ఇప్పుతానవ్? నూలు నాది!"

"నూలు నీదే అన్నా. అల్లిక మాది. మా అల్లిక ఇప్పుకోని నీ నూలు నీకిస్తం."

అని కింద కూర్చుని ముడి తర్వాత ముడి విప్పడం మొదలుపెట్టింది. పక్కన మా అమ్మ కూర్చుంది, తర్వాత మిగతావాళ్ళు. ఎండ ముదిరింది. ఎవరూ లేవలేదు. రంగుల నూలు ఒళ్ళోంచి జారి నేలమీద కుప్ప పడుతుంటే, ఆ వల అల్లిన రోజులన్నీ గుర్తున్న నాకు ఏడుపొచ్చింది. ఇంతలో డేవిడ్ సార్ పరుగున వచ్చి, "అమ్మా, జర ఆపుండ్రి" అని బతిమాలాడు.

"నువ్వు సుత పోరగాండ్లను చీల్చినవ్ సారూ. మీరిద్దరు ఒక్కకాడ కూసోని మాట్లాడేదాంక ఆపేది లేదు" అంది అత్త.

ఒక వల మొత్తం, రెండోదాంట్లో సగం పోయాక, ఆ ఇద్దరూ సైకిల్ షాపు రేకుల నీడలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆటగాళ్ళను తెచ్చేది ప్రెసిడెంటు, ఆడించేది సార్ అని తేల్చుకున్నారు. గది తాళం తీశారు. తర్వాతి రోజుల్లో వాడంతా కూర్చుని వలలు మళ్ళీ అల్లింది. రాజలింగం భార్య వచ్చింది, సాంబయ్య వచ్చాడు, ముడి వేయడం రాని ఖాజా సాంబయ్య దగ్గర నేర్చుకుంటూ నవ్వాడు.

టోర్నమెంటులో సాంబయ్య పక్కకు జరిగి బంతి అందిస్తే ఖాజా గోలు కొట్టాడు. అయినా సెమీఫైనల్లో ఓడిపోయాం. అత్త ఆ రాత్రి అన్నం తినలేదు. రాజలింగం ఆమెకు నూలివ్వడం మానేశాడు. పక్క వాడ వాళ్ళకు కండెలు చుట్టి బతికింది. "ఇప్పకపోతే టీమే ఉండకపోవు బిడ్డా, గీ నూలుకేం ఫికర్" అనేది. మరుసటి ఏడు కూడా గోలు వెనక చెద్దరు ఆమెదే.

ఇప్పుడు అత్త లేదు. రాజలింగం, డేవిడ్ సార్ లేరు. వల అల్లే చేతులు లేవు, మెడకు రంగంటించే బనీన్లు లేవు. మైదానంలో ఎక్కువ భాగం ఫంక్షన్ హాలైంది. మిగిలిన ముక్కలో ఆదివారాలు ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడుతున్నారు. దానికీ ప్రహరీ కట్టి పార్కింగ్ చేస్తారని మాట వినిపించినప్పటి నుంచి, మేం కొందరు ఆడవాళ్ళం ప్రతి ఆదివారం ఆట మొదలవకముందే పోయి, గోడ కట్టడానికి ముగ్గు పోసిన గీత మీదే కూర్చుంటున్నాం. కాంట్రాక్టరు మనిషి వచ్చి ఎంతసేపు కూర్చుంటారని అడిగాడు. ఆట అయ్యేదాకా అన్నాను. ఆట ఎప్పుడైపోతుందన్నాడు. పిల్లలను అడగమన్నాను.