మోదుగాకు మూత

ప్లాస్టిక్ పొర నా వేళ్లకు అంటుకుంది, తనకు తాను అంటుకుంది, గిన్నెకు మాత్రం అంటుకోలేదు. దాన్ని పక్కన పడేసి గిన్నె మీద పళ్లెం బోర్లించాను. అమ్మ వాడిన మోదుగాకు మూత గుర్తొచ్చింది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా బడి మూసేశారు. సరూర్‌నగర్‌లో పక్క వాటాలో ఉండే గుంటూరు అత్తయ్యకు ఇమ్మని అమ్మ నాకు పప్పుగిన్నె ఇచ్చింది. పైన మోదుగాకు కప్పింది. ఆంధ్రావాళ్లకు పంపేది ఎవరికీ కనబడకూడదని కప్పిందనుకుని, గిన్నెను పరికిణీ చాటున దాచుకుని నడిచాను.

అరుగు మీద ఉద్యమం ఊరేగింపుకు జెండా కర్ర చెక్కుతున్న చిన్నాయన, "ఏం దాస్తున్నవే?" అన్నాడు. నేను పరికిణీని గిన్నె మీదికి ఇంకా లాక్కున్నాను.

లోపలి నుంచి అమ్మే చెప్పింది. "గుంటూరామెకు పప్పు. ఈగలు వాల్తయని కప్పిన."

"ఆమె గిన్నె ఖాలీ పంపదు. గోంగూరొస్తే నాకు జర పెట్టు, వదినా."

అదే ఆకు మూతతో గోంగూర వచ్చింది. ఆ రోజుల్లో అమ్మ భయపడింది ఈగలకే.