అమ్మ సూది, అమ్మ సాక్ష్యం

తొంభైల్లో మా జగ్గయ్యపేట సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేవారు. జ్వరం తగ్గినవాళ్ళు, పిల్లలు పరీక్ష పాసైనవాళ్ళు, హైవే మీద లారీ కింద పడబోయి తప్పించుకున్నవాళ్ళు లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పేవారు. అమ్మ సాక్ష్యం అందరికంటే చిన్నదిగా ఉండేది. ఒకసారి నా టైఫాయిడ్ గురించి చెబుతూ నేను పద్నాలుగు రోజులు మంచంలో ఉన్నానంది. కూర్చున్నాక ఏదో గుర్తొచ్చి మళ్ళీ లేచి, "పద్నాలుగు కాదండి, పన్నెండే" అని సరిదిద్దుకుంది. పిల్లలం నవ్వాం. దేవుడి పేరు పెట్టి చెప్పే మాటలో రెండు రోజులు ఎక్కువైనా ఎక్కువేనని అమ్మ ఇంటికొచ్చాక నాతో అంది. నాకు బైబిలు వాక్యం కంఠతా నేర్పిందీ ఆమే. పప్పు రుబ్బుతూ వినేది. ఒక్క మాట తప్పితే రోలు ఆపి, మొదటినుంచీ చెప్పించేది.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు అమ్మ నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టుకుని కూలబడింది. ఎముకలు గుల్లబారాయని, వెన్నులో ఒక పూస నలిగిందని విజయవాడ డాక్టరు గారు ఎక్స్‌రే చూపించి చెప్పారు. పద్దెనిమిది నెలలపాటు రోజూ ఒక ఇంజెక్షన్ వేసుకోవాలన్నారు. పెన్నులాంటి దానికి సన్నటి సూది బిగించి ఎవరికి వారే పొడుచుకోవచ్చట. నేను అప్పుడు నందిగామలో టీచర్ని. పొద్దున్నే బస్సెక్కాలి కాబట్టి నాకు కుదరదన్నాను. నిజానికి సూదంటే నాకు భయం. అమ్మకు ఆ సంగతి తెలిసే, సూది బిగించడం తనే నేర్చుకుంది.

ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఒక స్టీలు డబ్బాలో ఆ పెన్ను ఉండేది. అమ్మ వంటింట్లో కుర్చీ వేసుకుని, ప్రార్థన చేసుకుని, తొడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని పొడుచుకునేది. మొదటి వారం సూది సరిగా దిగక మందు చుక్కలు బయటే కారాయి. తర్వాత అలవాటైంది కానీ బాధలు మొదలయ్యాయి. వేసుకున్న పూట గబుక్కున లేస్తే కళ్ళు తిరిగేవి. అన్నం చూస్తే వికారం. తెల్లారగట్ల పిక్కలు పట్టేసి మంచం మీద లేచి కూర్చునేది. నేను కొబ్బరినూనెతో రాస్తూ ఉంటే, "నీ స్కూలుకి టైమవుతోంది, లెగు" అని తరిమేది.

నాలుగు నెలలకు నొప్పి తగ్గి, నిటారుగా నడవసాగింది. శుక్రవారం స్త్రీల కూడిక నడిపే అక్క మొదటినుంచీ అమ్మ కోసం ఉపవాస ప్రార్థన పెట్టించింది. ఆ అక్కే సంతోషంతో వచ్చే ఆదివారం సాక్ష్యానికి అమ్మ పేరు రాయించింది.

ఆ వారం అమ్మకు పిక్కలు పట్టలేదు. మొదట నేను దేవునికి వందనాలు చెప్పుకున్నాను. నాలుగో రోజున అనుమానం వచ్చి ఫ్రిజ్ తెరిచి చూస్తే పెన్నులో మందు చుక్క కూడా తగ్గలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు గనుక నేరుగానే అడిగాను.

"మానేశా" అంది. "దేవుడు బాగుచేశాడని అందరి ముందూ చెప్పి, ఇంటికొచ్చి సూది పొడుచుకుంటే అదేం సాక్ష్యమే?"

నాకు కోపం కంటే ముందు భయమేసింది. మధ్యలో మానితే వచ్చిన బలమంతా పోతుందని డాక్టరు గారు మరీమరీ చెప్పారు. ఇంకో పూస నలిగితే ఈ మనిషి మళ్ళీ లేవదు. ఆ మందూ దేవుడిచ్చిందే కదమ్మా అన్నాను.

"అది నీకూ నాకూ తెలుసు. బెంచీల్లో కూర్చున్నవాళ్ళకి ఎట్లా తెలుస్తది?"

"తెలీకపోతే చెప్పు. సాక్ష్యం మార్చుకో అమ్మా, మందు మానకు."

సాక్ష్యంలో సూదుల గురించి ఎవరన్నా చెబుతారా అని గొణిగింది. మర్నాడు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లో కుర్చీ జరిపిన చప్పుడైంది.

ఆదివారం పాస్టరు అయ్యగారు పేరు పిలవగానే అమ్మ గబుక్కున లేచి, కళ్ళు తిరిగి బెంచీ పట్టుకుంది. పరిశుద్ధాత్మ తాకిందనుకుని చుట్టూ ఉన్న స్త్రీలు స్తోత్రం, స్తోత్రం అన్నారు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అది కాదండి. పొద్దున సూది వేసుకున్నా. వేసుకున్న పూట లేస్తే ఇట్లాగే తిరుగుద్ది."

తర్వాత బెంచీలో కూర్చునే అంతా చెప్పింది. మీ ప్రార్థనల వల్లే నడుస్తున్నానని, దేవుడు తనకిచ్చిన దారి ఈ సూదేనని, నాలుగు రోజులు మానేసి తప్పు చేశానని, ఇంకా పద్నాలుగు నెలలు పొడుచుకోవాలని చెప్పింది. అక్క తల దించుకుంది. అమ్మకు ఆ సంఘం తప్ప వేరే లోకం లేదు. వీళ్ళు విశ్వాసం లేనిదంటే ఎలా తట్టుకుంటుంది?

అయ్యగారు "ఆ సూదితో ఇంకేం బాధలున్నాయమ్మా? ప్రార్థనలో పెడదాం" అన్నారు. కళ్ళు తిరగడం, వికారం, పిక్కలు అని అమ్మ వరసగా చెప్పింది. ఆయన ఒక్కోదానికీ విడివిడిగా ప్రార్థించారు. పిక్కల దగ్గర అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అక్కే.

అప్పటినుంచి కూడికలో అక్క రాసుకునే ప్రార్థన అంశాల పుస్తకంలో వర్షాలు, పరీక్షలు, దుబాయ్ వీసాల మధ్య అమ్మ పిక్కలు కూడా ఉండేవి. ఇప్పుడు ఆ కూడికకు నేను వెళ్తున్నాను. పుస్తకం మారింది, రాసే చేతులూ మారాయి. ఆఖరి పెన్ను అయిపోయిన శుక్రవారం మాత్రం నా కళ్ళ ముందే ఉంది. పిక్కలు కొట్టేయమని అమ్మ చెబితే అక్క అడ్డంగా గీత గీసి, "ఇంకేం రాయమంటారండీ?" అంది.

"ఏడాదిన్నర దాటింది కుర్చీలో కూర్చుని ప్రార్థించబట్టి. మోకాళ్ళూనాలని ఉంది. అది రాయమ్మా" అంది అమ్మ.