టేపక్క నోట వచ్చిన మాట

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పొద్దున లేచింది మొదలు మెడలో కొలతల టేపు వేలాడుతూ ఉండేది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ టేపక్కే. ఒకసారి టేపు కొస టీ గ్లాసులో మునిగి మొదటి మూడంగుళాల అంకెలూ చెరిగిపోతే, ఆ వారం కుట్టిన చొక్కాలన్నీ వదులుగా వచ్చాయని వీధంతా చెప్పుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆమే. నవ్వినా, కసిరినా, బేరమాడినా వీధి చివరిదాకా వినిపించే గొంతు.

ఇస్త్రీ దుకాణం పైన రెండు గదుల్లో ఆమె, ఆమె చెల్లెలు, తల్లి ఉండేవారు. కింద ఇస్త్రీపెట్టెల వేడికి పై గది నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. ముందు గదిలో రెండు కుట్టు మెషిన్లు, వెనక గదిలో తల్లి మంచం.

చెల్లెలు ఆమెకంటే ఆరేళ్ళు చిన్నది. చిన్నప్పటినుంచీ నత్తి. మాట పళ్ళదాకా వచ్చి అక్కడే తచ్చాడేది. అది బయటికి వచ్చేలోపే అక్క అందుకునేది. "మా చెల్లికి దాహమేస్తోంది", "మా చెల్లికి ఆ రంగు నచ్చలేదు", "మా చెల్లి పాఠం చదివింది టీచర్, నేను చూశాను". చెల్లెలికీ అది హాయిగానే ఉండేది. ఎక్కడికి వెళ్ళినా "నువ్వు చె...చెప్పక్కా" అని అక్క వెనక్కి జరిగేది. ఓసారి బ్యాంకులో గుమాస్తా అడిగిన ప్రతి ప్రశ్నకూ టేపక్కే జవాబిస్తూ పోతే, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "సంతకమైనా ఆవిణ్ణి చెయ్యనిస్తారా, అదీ మీరే పెట్టేస్తారా?" అన్నాడు. ఇద్దరూ ఇంటికొచ్చేదాకా ఆ మాటే తలుచుకుని నవ్వుకున్నారు.

తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. బట్టలు మార్చడమంటే రోజూ ఒక యుద్ధం. చెయ్యి పైకెత్తితే ఆమె కేక పెట్టేది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన గౌను వెనకవైపు తెరుచుకుంటుంది, ముడులు వీపు కింద నలిగి పుండ్లు పడ్డాయి. అప్పుడు చెల్లెలు ఒక పని చేసింది. మధ్యాహ్నం తల్లిని దిండ్ల ఆసరాతో కుర్చీలో కూర్చోబెట్టే గంటసేపూ తను ఆ మంచం మీద పడుకునేది. కుడి చేతిని గుడ్డపీలికతో ఒంటికి కట్టేసుకుని, తల్లి గౌను తొడుక్కుని, కదలకుండా. ఎక్కడ కుట్టు గుచ్చుకుంటోందో, ఎక్కడ ముడి నొక్కుతోందో సుద్దతో గుర్తులు పెట్టుకునేది. అలా పదకొండు మధ్యాహ్నాలు.

"పని ఎగ్గొట్టడానికి భలే దారి కనిపెట్టావే" అని మెషిను తొక్కుతూ అక్క వేళాకోళం చేసేది.

పన్నెండో రోజున చెల్లెలు కొత్త గౌను కత్తిరించింది. ముందు ముక్క వేరు, వెనక ముక్క వేరు. వెనకదాన్ని దుప్పటిలా ఒంటి కిందికి జరిపి, ముందుదాన్ని మీద కప్పి, మెడ నుంచి మణికట్టు దాకా, చంక నుంచి మోకాలి దాకా నాడాలతో కలిపితే సరి. చెయ్యి ఎత్తక్కర్లేదు. ముడి ఒక్కటి కూడా వీపు కిందికి పోదు, అన్నీ పక్కటెముకల ముందుకే. మొదటిసారి తొడిగినప్పుడు తల్లి కేక పెట్టలేదు. పనిచేసే సగం ముఖంతో నవ్వింది. అది చూసి చెల్లెలు ముందు గదిలోకి వెళ్ళి తలుపు చాటున ఏడ్చింది.

తల్లి ఇంకో ఏడాది బతికింది. పుండ్లు మానిపోయాయి. తల్లి పుండ్లకు కట్టు కట్టడానికి ఇంటికి వచ్చిన నర్సు, తను పనిచేసే పెద్దాస్పత్రిలో రోగుల కోసం ఆరు గౌన్లు కుట్టిమ్మంది. అవి మూట కట్టుకుని టేపక్క ఒక మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళింది.

వార్డులోంచి ఒక ముసలాయన అరుపు వరండా దాకా వినిపిస్తోంది. ఇద్దరు ఆయాలు ఆయన చొక్కా విప్పడానికి తంటాలు పడుతున్నారు. మంచం పక్కన ఏభై ఏళ్ళ ఆవిడ, నలిగిన బట్టలతో, దువ్వని జుట్టుతో, ఆయన చెయ్యి పట్టుకుని "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంటోంది. టేపక్క ఆగలేకపోయింది. మూట విప్పి, అడ్డొచ్చిన ఆయాను పక్కకు జరిపి, పాత చొక్కాను కత్తెరతో రెండు కోతల్లో తీసేసి, గౌను జరిపి నాడాలు కట్టేసింది. ముసలాయన అరుపు మానేసి ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు.

బయటికి రాగానే నర్సు ఆమె మోచేతిని గిల్లింది.

"టేపక్కా, ఆవిడెవరో తెలుసా? ఇక్కడ మంచాల దగ్గర్నుంచి దుప్పట్ల దాకా అన్నీ ఆవిడ కంపెనీవే. ఒకప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిరిగి దూది అమ్మిందట, ఇప్పుడు ఎన్ని ఊళ్ళలో ఫ్యాక్టరీలో! ఇలాంటివాళ్ళు పది నిమిషాలకంటే ఒకచోట కూర్చోరు. నోరు విప్పి అడుగు. మొహమాటపడ్డావో, ఇంతే సంగతులు."

అంతలో ఆవిడే వచ్చి వరండాలో బెంచీ మీద టేపక్క పక్కన కూర్చుంది. గౌన్లలో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరగేసి మరగేసి చూసింది.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"మేమేనండీ. నేనూ మా చెల్లీ."

"కుట్టడం సరే. ముడులన్నీ ఇలా ముందుకు తేవాలని ఎవరికి తోచింది?"

టేపక్క లోపలే లెక్క వేసుకుంది. చెల్లెలికి అని చెబితే, ఏదీ, పిలవండి అంటుంది. చెల్లెలు వస్తుంది, నోరు పెగలదు, మొదటి అక్షరం దగ్గరే చెమటలు పట్టి నిలబడిపోతుంది. ఈవిడ వాచీ చూసుకుంటుంది. పది నిమిషాల్లో ఎన్ని అయిపోయాయో కూడా తెలియదు.

"నాకేనండీ" అంది.

"ఎలా తోచింది?"

చెప్పింది. మొదలుపెట్టాక ఆగలేదు. మంచం, గుడ్డపీలికతో కట్టుకున్న చెయ్యి, సుద్ద గుర్తులు, పదకొండు మధ్యాహ్నాలు. జీవితమంతా చెల్లెలి మాటలు తన నోటితో చెప్పిన మనిషి కదా, ఇవీ అలాగే జారిపోయాయి. కాకపోతే ప్రతిసారీ ముందుండే 'మా చెల్లి' అన్న మాట ఈసారి లేదు. వింటూ వింటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మా నాన్న కోసం నేనెప్పుడూ అలా ఆలోచించలేదు" అంది. ఇలాంటి గౌన్లు తన కంపెనీకి కుట్టిపెట్టమని అడిగింది.

ఆ సాయంత్రం ఈ కబురు విని చెల్లెలు రెండు చేతులతో అక్క మెడ పట్టుకుని ఊపేసింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ...ఆవిడకి న...నా సంగతి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా పిచ్చిదానా?" అంది టేపక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ. దారం నాలుగుసార్లు తప్పింది.

తర్వాత నిజం చెప్పేద్దామనే అనుకుంది. పని మొదలయ్యాక చెబుదాం, కుదురుకున్నాక చెబుదాం అనుకుంటూ రోజులు దొర్లించింది. కంపెనీ వాళ్ళు ఒక షెడ్డు ఇచ్చారు, పన్నెండు మెషిన్లు పెట్టారు, పన్నెండుమంది ఆడవాళ్ళు పనిలో చేరారు. కత్తిరింపు బల్ల చెల్లెలిది. కొత్తవాళ్ళకు ఆమె మాటను మధ్యలో అందుకునే అలవాటు లేదు. ఆమె మాట పూర్తయ్యేదాకా కత్తెర పట్టుకుని అలాగే నిలబడేవారు. చెల్లెలు మెల్లమెల్లగా నాలుగేసి మాటలు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎవరినో కోప్పడింది కూడా. టేపక్క దూరం నుంచి అది చూసి పొంగిపోయింది.

షెడ్డు పెట్టి ఏడాదైన రోజున కంపెనీ యజమానురాలే స్వయంగా వస్తానంది. అప్పటినుంచీ చెల్లెలు స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏదో పదే పదే అనుకునేది. పనివాళ్ళకు చెప్పాల్సినవి సాధన చేస్తోంది కాబోలు అనుకుంది టేపక్క.

ఆ రోజు షెడ్డు నిండా కుర్చీలు వేశారు. మెషిన్లన్నీ గోడవారకు జరిపారు. చెల్లెలు కొత్త బట్టలు కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. యజమానురాలు మైకు ముందు నిలబడి, తండ్రి పోయిన సంగతి చెప్పి, టేపక్క భుజం మీద చెయ్యి వేసింది.

"ఈవిడ పదకొండు రోజులు తల్లి మంచం మీద చెయ్యి కట్టేసుకుని పడుకుంది. నొప్పి ఎక్కడుందో తన ఒంటితో తెలుసుకుంది. మా నాన్న ఆఖరి నెలలు ప్రశాంతంగా గడిచాయంటే అది ఈవిడ పుణ్యమే."

చప్పట్లు మోగాయి. టేపక్క తలెత్తలేదు. కానీ ఎంతోసేపు ఎత్తకుండా ఉండలేకపోయింది. చెల్లెలు కూడా చప్పట్లు కొడుతోంది. అందరూ ఆపేశాక కూడా రెండుసార్లు కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు చెల్లెలు మామూలుగానే పనికి వెళ్ళింది. బల్ల మీద ఉన్న బట్టంతా కత్తిరించి, ఏ ముక్క ఎవరిదో చీటీలు రాసి పెట్టి, నాలుగో రోజు పొద్దున బట్టలు సర్దుకుంది. టేపక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పయిపోయిందే. ఆవిడ వెళ్ళిపోతుందేమోనని భయపడ్డాను. మనిద్దరి కోసమే కదా అన్నాను!"

చెల్లెలి మాట మొదటి అక్షరం దగ్గరే ఆగింది. అక్క పెదాలు మామూలుగా ఆ మాట అందుకోవడానికి కదిలాయి. ఏం అందుకోవాలో తెలియలేదు.

"ఆ...ఆలోచన నీదని చెప్పావు, పోనీ. అ...అమ్మ మంచం మీద పడుకున్నది కూడా నువ్వేనన్నావేంటక్కా?"

అంతే అంది. టేపక్క గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

ఆమె వెళ్ళిన తర్వాత షెడ్డులో పనిచేసే ఒకామె చెప్పింది. "చిన్నమ్మగారు నెలరోజులు ఒకే వాక్యం నేర్చుకున్నారండీ. మైకు ఇస్తారేమోనని. 'ఇది మా అమ్మ కోసం కుట్టాను, మా అక్క లేకపోతే ఇంతమందికి చేరేది కాదు' అని. నాకు అప్పజెప్పేవారు. ఆఖరి వారం ఎక్కడా ఆగకుండా చెప్పేశారు కూడానూ."

టేపక్క ఆ పూట మెషిను ముందు కూర్చుని ఒక్క కుట్టూ వెయ్యలేకపోయింది. మర్నాడు బస్సెక్కి యజమానురాలి ఆఫీసుకు వెళ్ళి, రెండు గంటలు బయట కూర్చుని, లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ కలం మూత పెట్టి మొత్తం విన్నది.

"ఆరోజే చెప్పి ఉంటే ఇద్దరినీ తీసుకునేదాన్ని కదమ్మా."

"మీరు పది నిమిషాలకంటే ఉండరన్నారండీ. మా చెల్లికి ఒక మాట చెప్పాలంటేనే..."

"ఎవరన్నారు?" ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మా నాన్న ఆ స్థితిలో ఉంటే నేనెక్కడికి వెళ్తాను? ఆ బెంచీ మీద మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. పలకరించేవాళ్ళే లేరు. మీ చెల్లెలు ఎంతసేపు చెప్పినా వినేదాన్ని."

ఆవిడ ఆలస్యం చెయ్యలేదు. గౌన్ల పెట్టెల మీద చెల్లెలి పేరు అచ్చు వేయించింది, క్షమించమని తన చేత్తో ఉత్తరం రాసి, రమ్మని పిలిచింది. చెల్లెలి దగ్గర్నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. కృతజ్ఞతలు, గౌన్లు ఎవరు కుట్టినా ఫరవాలేదు, నాడాలు మాత్రం ముతకవి వాడొద్దు.

చెల్లెలు మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో ఊళ్ళో ఒక చిన్న కుట్టు దుకాణంలో చేరింది. టేపక్క మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె లేచి కుర్చీ వేసింది, గ్లాసు కడిగి నీళ్ళిచ్చింది.

"కూ...కూర్చోండి. భోజనం చేశారా?"

నలభై ఏళ్ళు 'నువ్వు' అన్న నోరు. "ఏమే, నేనెవరో అనుకుంటున్నావా?" అని గదమాయించబోయి ఆగిపోయింది. అందులో వెటకారం లేదు, కసి లేదు. దుకాణంలోకి ఎవరొచ్చినా అలాగే పలకరిస్తోంది.

"చేశాను" అంది. చెయ్యలేదు.

అంతలో ఒక మనిషి ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చాడు. ఎంత మడవాలో చెబుతూ చెల్లెలు ఒక మాట దగ్గర ఆగిపోయింది. టేపక్క నాలుక చివరికి ఆ మాట వచ్చేసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మనిషి తొందరపడకుండా నిలబడ్డాడు. మాట వచ్చింది. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

టేపక్క షెడ్డును ఇప్పటికీ నడుపుతోంది. పనివాళ్ళు ముప్ఫైమంది అయ్యారు. వీధిలో ఆమె గొంతు మునుపటంత వినపడదని ఇస్త్రీ దుకాణం ఆయన అంటాడు. రెండు నెలలకోసారి పొద్దునే బస్సెక్కి చెల్లెలి దగ్గరికి వెళ్తుంది. ఒకసారి ధైర్యం చేసి, "ఈ రోజుకి నీ దగ్గర ఉండిపోనా?" అని అడిగింది.

చెల్లెలు గుండీల కాజా కుడుతూ తలెత్తింది. ఆ చూపులో ఒక్క క్షణం ఏదో మెదిలినట్టే అనిపించింది.

"గ...గది చాలా చిన్నదండీ. మీకు ఇబ్బందవుతుంది" అంది. పని పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని, బస్టాండు దాకా తోడు వచ్చింది. బస్సు కదిలేదాకా ఎండలో నిలబడే ఉంది.